పిల్లల చేత సరే అనిపించడం

“ఆ అమ్మాయిని నేనే స్వయంగా అడిగాను మస్తానమ్మా. ఇష్టమే అని చెప్పింది. ఇంకేం కావాలి మీకు?”

“ఇష్టమే అనింది, సరే సార్. మీరు అడిగేటప్పుడు గదిలో ఇంకెవరుండారు?”

“ఎవరూ లేరు. తలుపు వేయించి మరీ అడిగాను. మీరు క్లినిక్‌లో చేసేది అదేనట కదా!”

“అదే సార్. పెద్దాడోళ్ళకి చేస్తా. పద్నాలుగేళ్ళ పిల్లకి అది పనికిరాదు.”

“అంటే మీరు అడిగితే న్యాయం, నేను అడిగితే అన్యాయమా?”

“ఎవరడిగినా ఒకటే సార్. నిన్న వంటింట్లో నేనూ అడిగినా, ఒంటరిగానే. నాకూ సరే అనే చెప్పింది. అందుకే నాకు భయమేస్తాంది.”

“ఆపా, ఇది మా ఇంటి సంగతి,” అన్నాడు ఖాజా, తల ఎత్తకుండా. “నువ్వు మధ్యలో రాబాక. సార్‌ని చాయ్ తాగనీ.”

ఇది దుబాయ్‌లో, సత్వాలో మేమందరం కలిసి ఉన్న ఫ్లాటు హాల్లో, ఒక శుక్రవారం మధ్యాహ్నం జరిగిన గొడవ. ఖాజా దర్జీ, నెల్లూరు మనిషి, నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాడు. అతని భార్య నూర్జహాన్ నాతోపాటే క్లినిక్‌లో తుడిచే పనికి వచ్చేది. వాళ్ళదొక గది, మా ఆడవాళ్ళది ఇంకో గది, వంటిల్లు అందరిదీ. పిల్ల పేరు షాహీన్, వాళ్ళ ఒక్కతే కూతురు, తొమ్మిదో క్లాసు. ఆ పిల్లను ఖాజా పనిచేసే షాపు సేఠ్ చేసుకుంటానని అడిగాడు. ఆయన భార్య పోయినాయన, నలభై దాటినాయన. నెల్లూరుకు పోయి నిఖా చేసుకుని వద్దామన్నాడు. మర్నాడు జవాబు చెప్పాలి.

నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే రోజు అది. అయితే ఆ రోజు నేను డ్యూటీలో లేను. అయినా దాన్నే ఎందుకు రాస్తున్నానో అర్థం కావాలంటే ముందు నా పని ఏంటో చెప్పాలి.

ఆయా పని అంటే

నేను మూడో క్లాసు దాకా చదివాను. తప్పులుంటే మనవరాలు దిద్దుతుంది. ఆ పిల్ల స్నేహితురాళ్ళు ఇద్దరు ఆసుపత్రిలో ఆయాలుగా చేరబోతూ వచ్చి, “అవ్వా, ఇందులో నేర్చుకునేదేముంది, తుడవడమే కదా” అన్నారు. వాళ్ళ కోసమే ఇది. జీతం ఎంత పెరిగింది, విజా ఎట్లా మారింది, ఆ పురాణం రాయను. దాంతో ఎవరికీ పని లేదు.

తుడవడం ఉంది. అది బాగా చెయ్యండి. దూది గుప్పెడు గుప్పెడు తీయొద్దు, గోరంత చాలు. కొళాయి ధారగా వదలొద్దు. మా క్లినిక్‌లో నర్సులు నన్ను పిసినారి అని వెనక నవ్వేవాళ్ళు. నవ్వనీ. నేను ఉన్నన్నాళ్ళూ అక్కడ దూది లేదన్న మాట వినపడలేదు.

కానీ అసలు పని అది కాదు. డాక్టరుకు, రోగికి మధ్య మాట దాటించేది ఆయా. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు హిందీ వాళ్ళు, మలయాళం వాళ్ళు, మన తెలుగు వాళ్ళు, పాకిస్తాన్ వాళ్ళు. అందరికీ నా అరకొర హిందీయే దిక్కు. డాక్టరమ్మ ముందు కూర్చుంటే సగం మందికి నోరు రాదు. రక్తం తీయడానికి పక్కకు తీసుకుపోతే నాతో చెప్తారు. ఆ చెప్పింది పొల్లు పోకుండా లోపలికి మొయ్యాలి. మధ్యలో మన సొంత తెలివి కలపకూడదు.

మొగుళ్ళు బయట

మా డాక్టరమ్మ కేరళ మనిషి. నోరు మంచిది కాదు. గ్లవుజు జారినా అరుస్తుంది. అయినా ఆమె దగ్గర నేర్చుకున్నంత నేను ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు.

ఒకసారి హైదరాబాదు డ్రైవరు ఒకాయన కడుపుతో ఉన్న భార్యను తీసుకొచ్చాడు. డాక్టరమ్మ ఏమడిగినా ఆయనే చెప్తాడు. “కళ్ళు తిరుగుతాయి మేడం. సరిగ్గా తినదు, అంతే.” ఆమె తల ఊపుతుంది. డాక్టరమ్మ టానిక్ రాసింది. నేను ఆ పిల్లను బాత్రూముకు తీసుకుపోతే అక్కడ నా మణికట్టు పట్టుకుంది. “మిద్దె మెట్ల మీద పడ్డాను ఆపా. బిడ్డ కదలడం లేదు. బట్టలు ఆరేయడానికి పైకి పోవద్దన్నాడు, నేను పోయినా. చెప్తే తిడతాడు.”

నేను వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరమ్మ ఆ టానిక్ చీటీ చించి, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపించింది. బిడ్డ దక్కింది. ఆ తర్వాత మమ్మల్నందరినీ పిలిచి, “తప్పు నాది. నేను మొగుణ్ణి అడిగి ఆడదానికి మందు రాశాను. ఇవాళ్టి నుంచి మొగుళ్ళు బయట,” అంది. అంత పెద్ద డాక్టరు, తుడిచే నూర్జహాన్ ముందు కూడా ఆ మాట అంది. పెద్దవాళ్ళు ఎట్లా ఉండాలో నాకు అప్పుడు తెలిసింది.

మొగుళ్ళను బయటికి పంపడం నా వంతు. పొమ్మంటే పోరు, తలుపుకు చెవి పెట్టి నిలబడతారు. అందుకని, “భాయ్, డాక్టరమ్మకు చాయ్ పత్తి అయిపోయింది, మూల మీద షాపులో తెచ్చిపెట్టవా” అనేదాన్ని. ఆ షాపు నడిపే కేరళ మలబారీ ఎవరు దొరికినా వదలకుండా మాట్లాడే మనిషి. మొగుడు వచ్చేలోపల ఆడమనిషి నోరు విప్పేది. మా క్లినిక్‌లో చాయ్ పత్తి కొనాల్సిన పనే పడలేదు.

ఎదిగిన ఆడదాని దగ్గర ఈ పద్ధతి గురి తప్పదు. ఒంటరిగా కూర్చోబెట్టి, నిదానంగా అడిగితే, కాదన్నది కాదనే చెప్తుంది.

కుడి చెయ్యా, ఎడమ చెయ్యా

పిల్లల దగ్గర నా పని వేరు. టీకాల రోజున వరండా నిండా పిల్లలు. నర్సు సూది పట్టుకుని నిలబడితే, పిల్ల చెయ్యి చాపేట్టు చేసేది నేను.

దానికొక పద్ధతి ఉంది, రాసుకోండి. “సూది వేయించుకుంటావా?” అని ఎప్పుడూ అడగొద్దు. వద్దంటుంది. “కుడి చేతికి వేయమందామా, ఎడమ చేతికా?” అని అడగండి. పిల్ల ఆలోచిస్తుంది. తనేదో పెద్ద నిర్ణయం చేస్తున్నట్టు మొహం పెడుతుంది. “ఎడమ” అంటుంది. అయిపోయింది. సూది వద్దనే దారి ఒకటుందని ఆ పిల్లకు తోచదు, మనం తోచనివ్వం. నేను అనిపించినన్ని సరేలు దుబాయ్ మొత్తంలో ఎవరూ అనిపించి ఉండరని డాక్టరమ్మే అనేది.

ఇంకొకటి కూడా చూశాను. అందరూ చిన్నపిల్లలతోనే కష్టం అనుకుంటారు. నిజమే, మూడేళ్ళ పిల్ల కొరుకుతుంది, తంతుంది, వద్దంటే వద్దే. పదమూడు పద్నాలుగేళ్ళ ఆడపిల్ల మాత్రం ఏమీ అనదు. ఒక్కసారి వాళ్ళమ్మ మొహం చూస్తుంది, చెయ్యి చాపుతుంది. అందరికంటే తేలిక ఆ వయసు పిల్లే. ఆమెకు అన్నీ తెలుస్తాయి. అమ్మ డ్యూటీకి ఆలస్యమవుతుందని తెలుసు, నాన్న కసురుకుంటాడని తెలుసు. సూది నొప్పి ఒక్కటే ఆమె లెక్కలోకి రాదు.

సూది వాళ్ళ మంచికే. అందుకని నాకు దిగులు లేదు. కానీ దాన్ని వాళ్ళ ఇష్టం అని నేను ఏనాడూ అనలేదు.

సార్ సంగతి

ఇప్పుడు సార్ గురించి చెప్పాలి. గుంటూరు వైపు మనిషి, దుబాయ్‌లో మనవాళ్ళ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. షాహీన్ ఆయన క్లాసులోనే చదివేది. ఆయన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. అల్ కుసైస్ కూలీల క్యాంపుల్లో మన కరీంనగర్ వాళ్ళకు ఏ కష్టం వచ్చినా, స్కూలు అయిపోయాక బస్సెక్కి పోయి, ముదీర్‌తో, అంటే మేనేజరుతో, ఇంగ్లీషులో వాదించి వచ్చేవారు. ఎవరైనా పోతే శవాన్ని ఊరికి పంపేదాకా తిరిగేవారు. మా తెలుగు సంఘం పత్రికలో సగం ఆయనే రాసేవారు. కూలివాళ్ళను రూలు, రూలు అని బెదిరించడం చూసి చూసి, రూలు అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్ళు మండేది.

అప్పుడే, డెబ్బై ఎనిమిదిలో, మన దేశంలో ఆడపిల్ల పెళ్ళి వయసు పద్దెనిమిదికి పెంచారు. సార్‌కు అది నచ్చలేదు. మనిషి ఇష్టాన్ని అంకెతో కొలుస్తారా అన్నారు. అంతకు కొంచెం ముందు ఫ్రాన్సు దేశంలో పుస్తకాలు రాసిన గొప్పగొప్ప వాళ్ళు, ప్రొఫెసర్లు, ఇట్లాంటి వయసు చట్టాలు సడలించాలని, పిల్లల ఒప్పుదలకు విలువ ఇవ్వాలని సంతకాలు చేశారట. ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివి ఆ సంగతి అందరికీ చెప్పేవారు. దాని మీద మన సంఘం పత్రికకు వ్యాసం కూడా మొదలుపెట్టారు.

ఖాజా ఆయన్ని దేవుడిలా చూసేవాడు. సేఠ్ అడిగినప్పుడు పోయి ఆయన్నే సలహా అడిగాడు. “నన్ను కాదు, నీ కూతుర్ని అడగాలి. నేనొచ్చి అడుగుతాను,” అన్నారు సార్. ఆయన మనసులో చెడ్డ లేదు. ఆడపిల్లను అడిగే ఇల్లే లేనిచోట అడగమన్నారు. మా మతంలోనూ నిఖాకు ముందు పిల్లను అడగమనే ఉంది. ఏడ్చినా తలొంచినా ఒప్పుకున్నట్టే అని ఆ అడగడాన్ని పాడుచేసుకున్నది మేమే.

శుక్రవారం మధ్యాహ్నం

షాహీన్‌ని కింద బేకరీకి పంపారు. సార్ కుర్చీలో, ఖాజా చాప మీద, నూర్జహాన్ వంటింటి గడపలో. నేను బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని రాళ్ళు ఏరుతున్నాను. మాట్లాడుతున్నామని పని ఆపడం నాకు చేతకాదు.

“మస్తానమ్మా, ఫ్రాన్సులో సంతకాలు చేసినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళా?” అన్నారు సార్.

“తెలివైనోళ్ళే అయ్యుంటారు సార్. వాళ్ళందరూ పెద్దోళ్ళేనా?”

“పెద్దవాళ్ళే.”

“పిల్లల గురించి కదా ఆ కాగితం. ఒక్క పిల్లదన్నా సంతకం ఉందా?”

“పిల్లల సంతకానికి చట్టంలో విలువ లేదు కదా! వాళ్ళ గొడవే అది.” సార్ నవ్వారు, నిజంగానే సరదా పడ్డారు. వెంటనే మొహం గట్టి చేసుకుని ముందుకు వంగారు. “నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ చదువు మూడో క్లాసులో ఎందుకాగింది? ‘నీకు తెలీదు, పెద్దవాళ్ళం మేం చెప్తాం’ అనే కదా మీ నాన్న ఆపింది? ఇవాళ మీరు షాహీన్‌తో అంటున్నది అదే మాట కాదూ?”

బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది. దెబ్బ తగిలింది, లేదనను.

“నిజమే సార్. నన్ను అడగలా. అడిగి ఉంటే ఏమని ఉందునో చెప్పనా? మా అమ్మ బాలింత. చంటిదాన్ని ఎత్తుకునేదానికి మనిషి లేదు. ‘బడికి పోతావా, చెల్లెల్ని ఎత్తుకుంటావా’ అని మా నాయన నన్ను అడిగి ఉంటే, ‘ఎత్తుకుంటా నాయనా’ అని నవ్వుతా చెప్పుందును. అడగనందుకు మా నాయన మీద కోపం పెట్టుకున్నా. అడిగి ఉంటే ఆ కోపం కూడా నాకు మిగిలేది కాదు. నేనే కదా ఒప్పుకున్నానని నోరు మూసుకుని ఉందును.”

నేనే మళ్ళీ అన్నాను.

“పెద్దాడదాన్ని గదిలో ఒంటరిగా కూర్చోబెడితే ఒంటరిగానే ఉంటుంది సార్. పిల్ల అట్ల కాదు. గదిలో ఎవరూ లేకపోయినా వాళ్ళమ్మానాయన్ల పక్కనే కూర్చోనుంటుంది.”

“మీరు ఆ అమ్మాయిని తక్కువ చేస్తున్నారు,” అన్నారు సార్. “అదెంత తెలివిగా మాట్లాడిందో మీకు తెలీదు. నేను అడిగితే ముందు నన్నే ఎదురు ప్రశ్న వేసింది. ‘సార్, నేను ఒప్పుకుంటే మా నాన్న విజా పోదు కదా?’ అంది. పోదమ్మా అన్నాను. ‘అయితే నాకిష్టమే’ అంది. దీన్ని ఆలోచన అనరా? చూడు ఖాజా, మనలో ఎంతమందికి ఉంది ఇంత బాధ్యత!”

ఆయన అది పిల్లను మెచ్చుకుంటూ చెప్పిన మాట. ఖాజా చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“ఏమని అడిగింది సార్?”

“నీ విజా...”

“విజా మాట నేను దాని ముందర ఎత్తలేదే!”

“నాతో చెప్పుకున్నావు గదా,” అంది నూర్జహాన్ గడపలోంచి. అంతసేపటికి ఆమె నోరు విప్పడం అదే. “మంచానికీ మంచానికీ మధ్య ఉండేది ప్లైవుడ్డు చెక్క. దానికి చెవులు లేవా?”

ఖాజా విజా సేఠ్ పేరు మీదే ఉన్నా, సేఠ్ చెడ్డవాడని నేను అనను. బెదిరించలేదు. “మనం ఒక కుటుంబం అయితే ఇంక విజా గురించి మాటే ఉండదు” అన్నాడంతే. ఆ మాట ఖాజా భార్యతో చెప్పుకున్నాడు, చెక్క అవతల పడుకున్న పిల్ల విన్నది. విని, తన పెళ్ళికి అర్థం అదే అనుకున్నది.

ఖాజా తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయలు కాసిన వేళ్ళు. తర్వాత సార్‌ని వదిలేసి నా వైపు తిరిగాడు.

“కాదని ఏ మొహంతో చెప్పేది ఆపా? ఆయన అన్నం తింటున్నా. నీకు మా పిల్లనివ్వను అంటే అవమానం గదా ఆయనకి.”

“నువ్వు కాదనబాక. మన దేశంలో చట్టం మారింది సేఠ్, పద్దెనిమిది నిండకుండా నిఖా చేస్తే తప్పంట, అని చెప్పు. కాదనేది నువ్వు కాదు, అది.”

“చట్టం చాటున దాక్కోమంటున్నారా?” సార్ గొంతులో బాధ ఉంది. “ఖాజా, మనిషివై నీ మాట నువ్వు చెప్పుకోలేవా?”

“ఆయన్ని దాక్కోనీండి సార్,” అన్నాను. “ఆయన విజా ఇంకొకరి చేతిలో ఉంది. మీకు నోరుంది, ఇంగ్లీషుంది, ముదీర్‌తో కూడా కొట్లాడతారు. కాదనలేనోళ్ళ బదులు కాదనేదానికే ఆ అంకె పెట్టింది. నాకు చట్టం చదవడం రాదు, ఇంతమటుకు తెలుసు.”

“మీతో వాదించలేను,” అని సార్ లేచారు.

“వాదించొద్దులే సార్. చాయ్ తాగిపోండి, చక్కెర దండగవుతుంది.”

తాగారు. నిలబడే తాగి, గ్లాసు తెచ్చి నా చేతికే ఇచ్చి పోయారు.

ఈ పనికి వచ్చే పిల్లలకు

సార్ మనసు మారిందని అనుకోవద్దు. ఆయన వ్యాసం ఆ తర్వాతి పత్రికలో వచ్చింది. చదివించుకుని విన్నాను, ఒక్క ముక్క కూడా మార్చలేదు. ఆయన రాసిన తీరు బాగుంది, పిల్లల స్వేచ్ఛ గురించి చాలా గొప్పగా ఉంది. తర్వాత కూడా ఎక్కడ కనిపించినా, “బాగున్నారా మస్తానమ్మా” అని ఆగి పలకరించేవారు. నేనూ పలికేదాన్ని.

చదువుకున్నవాళ్ళను తక్కువగా చూడకండి. మా డాక్టరమ్మ చదువుకున్నదే. అయితే పిల్లల మాట తీసుకొచ్చి ఎవరైనా మీ ముందు పెట్టినప్పుడు, అది ఏ ప్రశ్నకు జవాబో అడగండి. జవాబు ఒక్కటే మోసుకొచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆయా మాత్రం ప్రశ్ననూ జవాబునూ రెంటినీ మొయ్యాలి. నాకు ఈ ఉద్యోగం నేర్పింది అదే. నేను బాగా నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

శనివారం పొద్దున

ఖాజా తెల్లారగట్ల ఫజర్ నమాజుకు పోయి, అటు నుంచి అటే షాపుకు పోయాడు. సేఠ్ షాపు పైనే ఉంటాడు. మేము ఇంకా పొయ్యి దగ్గరే ఉన్నాం, ఖాజా తిరిగొచ్చాడు. చేతిలో కాగితం చుట్టిన కత్తెర ఉంది.

“ఏమన్నాడు?” అంది నూర్జహాన్.

“అంతా విన్నాడు. ‘నాలుగేళ్ళు ఆగాలా?’ అన్నాడు. చట్టం సేఠ్, అన్నాను. టేపు చుట్టి పక్కన పెట్టాడు. ‘నీ కత్తెర నీదే కదా, తీసుకుపో’ అన్నాడు.”

“విజా?”

“ఖలాస్. నెలాఖరుకు క్యాన్సిల్ చేస్తాడంట.”

నూర్జహాన్ రొట్టె తిప్పేసింది. అప్పుడే షాహీన్ యూనిఫారం వేసుకుని, ఒక జడ అల్లి ఇంకో జడ పట్టుకుని గదిలోంచి వచ్చింది.

“నాన్నా, షాపుకు పోలేదా?”

“పోయొచ్చినా.”

“అప్పుడేనా?”

“ఇవాళ పని తక్కువ. నువ్వు కానీయ్, బస్సొస్తాంది.”

ఆ పిల్ల ఆయన చేతిలో కాగితం చుట్ట వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది. కింద స్కూలు బస్సు హారను కొట్టింది. రెండో జడ అల్లకుండానే సంచీ భుజాన వేసుకుని మెట్ల మీద పరిగెత్తింది. టిఫిన్ డబ్బా గట్టు మీదే ఉండిపోయింది. ఖాజా కత్తెర నా చేతిలో పెట్టి, డబ్బా తీసుకుని వెనకాల దిగాడు. పై నుంచి చూస్తా ఉన్నాను, కదిలిన బస్సు ఆగింది. పిల్ల కిటికీలోంచి డబ్బా అందుకుంది.

నేనూ నూర్జహానూ పొయ్యి ఆర్పి, డ్యూటీకి బయల్దేరాం.